ఉద్యోగానికి ముందు మూడేళ్ళు



జూన్ నెల వచ్చిందంటే బళ్ళారి బస్టాండులో ఒక సందడి కనిపిస్తుంది. ఆదోని నుంచి, గుంతకల్లు నుంచి, రాయదుర్గం నుంచి బస్సులు దిగే పిల్లల్లో చాలామంది చేతుల్లో ప్లాస్టిక్ కవర్లు ఉంటాయి. కవర్లో మార్కుల కార్డు, టీసీ, కుల ధ్రువపత్రం, రెండు ఫోటోలు. పక్కన తండ్రో, మేనమామో ఉంటాడు. ఆ పెద్దాయన అడిగే మొదటి ప్రశ్న నాకు ఇరవై ఏళ్ళుగా తెలుసు. "సార్, ఈ కోర్సు చదివితే ఉద్యోగం వస్తుందా?"

తప్పు ప్రశ్న కాదు. వాన చాలక వేరుశనగ ఎండిపోయిన ఏడాది, అప్పు తెచ్చి ఫీజు కట్టే మనిషి అడగవలసిన ప్రశ్నే అది. అయితే దాని వెనకాల ఇంకో ప్రశ్న ఉంది. దాన్ని తండ్రి అడగడు, పిల్లవాడికి అడగాలని తెలియదు. ఉద్యోగం వచ్చేలోపు ఉన్న ఈ మూడేళ్ళనూ ఏం చేసుకోవాలి? ఈ ప్రశ్నకు మన బళ్ళారి చరిత్రలోనే ఒక మంచి జవాబు ఉంది. ఇవాళ ఆ కథే మీతో చెప్పుకుందామని వచ్చాను.

ముందు ఊరి సంగతి. నిజాం నవాబు ఈ ప్రాంతాన్ని 1800లో కంపెనీ వారికి వదులుకున్నాడు. అందుకే మన జిల్లాలకు దత్త మండలాలన్న పేరు వచ్చింది. మొదటి ప్రధాన కలెక్టరు థామస్ మన్రో. అప్పటినుంచి నూట యాభై ఏళ్ళకు పైగా బళ్ళారి మద్రాసు రాష్ట్రంలోనే ఉంది. కోటకింద దండు, కోర్టులు, కచేరీలు, బజారు. వీధిలో కన్నడం, తెలుగు, ఉర్దూ, కచేరీలో ఇంగ్లీషు. అంగట్లో బేరం ఒక భాషలో మొదలై ఇంకో భాషలో ముగిసేది. ఇప్పటికీ అంతే కదా.

ఈ ఊళ్ళో పంతొమ్మిదో శతాబ్దం చివర్న ఇద్దరు ప్లీడర్లు ఉండేవారు. ఒకరు ధర్మవరం రామకృష్ణమాచార్యులు. 1853లో పుట్టారు. రెండోవారు కోలాచలం శ్రీనివాసరావు. 1854లో, హంపీకి దగ్గరున్న కమలాపురంలో పుట్టారు. పగలు ఇద్దరిదీ కోర్టు పని. సాయంత్రం అయ్యేసరికి ఇద్దరికీ నాటకమే లోకం. ధర్మవారిది సరసవినోదినీ సభ, కోలాచలం వారిది సుమనోరమ సభ. ధర్మవారి 'చిత్రనళీయం' 1880ల చివర్లో ఈ ఊరి రంగస్థలం మీదే ఆడింది. తెలుగులో నాటకానికి ఆయన చేసిన సేవకు జనం ఆయన్ను ఆంధ్ర నాటక పితామహుడని పిలిచారు. కోలాచలం వారు చరిత్ర నాటకాలకు పేరుపడ్డారు. ప్రపంచ నాటక చరిత్రను ఇంగ్లీషులో రాసి 1908లో అచ్చువేశారు. బళ్ళారిలో కూర్చుని ప్రపంచ నాటక చరిత్ర రాయడమంటే ఎంత చదివి ఉండాలో ఆలోచించండి.

ఈ ఊరికి, ఈ వాతావరణంలోకి ఒక కుర్రవాడు వచ్చాడు. పేరు రాఘవాచార్యులు. 1880 ఆగస్టు 2న తాడిపత్రిలో పుట్టాడు. తండ్రి బళ్ళారి హైస్కూల్లో తెలుగు పండితులు. ధర్మవరం రామకృష్ణమాచార్యులు ఆ కుర్రవాడికి స్వయానా మేనమామ. చిన్న వయసులోనే స్నేహితులను పోగుచేసి షేక్‌స్పియర్ క్లబ్బు పెట్టాడంటే ఇంటి గాలి ఎలాంటిదో తెలుస్తుంది.

హైస్కూలు అయ్యాక ఏం చదవాలి, ఎక్కడ చదవాలి? దత్త మండలాల నుంచి బి.ఏ. చదవాలన్న కుర్రవాడు ఆ రోజుల్లో మద్రాసు రైలు ఎక్కవలసిందే. రాఘవ మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చేరి పట్టభద్రుడయ్యాడు. తరువాత అక్కడే లా కాలేజీలో చదివి 1905లో న్యాయశాస్త్ర పట్టా తీసుకుని బళ్ళారికి తిరిగి వచ్చాడు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. రాఘవ మద్రాసు నుంచి రెండు మూటలు తెచ్చుకున్నాడు. ఒకటి లా పట్టా. అది కడుపు నింపింది. మంచి క్రిమినల్ లాయరని పేరు తెచ్చి, పబ్లిక్ ప్రాసిక్యూటరును చేసింది. రెండోది ఏ కాగితం మీదా రాసి ఇవ్వనిది. షేక్‌స్పియర్ మాటను నోట్లో పలికించుకోవడం, తన నటనను తానే తూచుకోగల చూపు, ఊరు దాటిన లోకం ఒకటుందన్న ఎరుక. ఆ మూటను ఆయన పెట్టెలో పెట్టి తాళం వెయ్యలేదు. కోర్టు వేళ కోర్టుకు ఇచ్చాడు. మిగిలిన వేళ రంగస్థలానికి ఇచ్చాడు.

ఆ తరువాతి కథ మీలో పెద్దవారికి తెలిసే ఉంటుంది. పాట, పద్యం, రాగాలాపనలే నాటకమనుకునే రోజుల్లో, మాటకూ ముఖభావానికీ ప్రాణం పోసినవాడు రాఘవ. కోలాచలం వారి విజయనగర నాటకంలో పఠాన్ రుస్తుం వేషం, రామదాసు, హరిశ్చంద్రుడు, దుర్యోధనుడు. ఇటు తెలుగు, అటు కన్నడం, ఇంకోవైపు ఇంగ్లీషులో షైలాకు, ఒథెల్లో. 1927లో నందికొండ మీద విశ్రాంతి తీసుకుంటున్న గాంధీగారి ఎదుట 'దీనబంధు కబీరు' ఆడారు. 1920ల చివర్న ఇంగ్లండు వెళ్ళి అక్కడి నాటకశాలలు చూసి, బెర్నార్డ్ షాను కలిసి మాట్లాడి వచ్చారు. మగవాళ్ళే ఆడవేషాలు కట్టే కాలంలో, స్త్రీ పాత్ర స్త్రీయే ధరించాలని పట్టుబట్టి, చదువుకున్న ఇంటి ఆడపిల్లలను రంగస్థలం మీదికి తీసుకువచ్చారు. 'ద్రౌపదీ మానసంరక్షణం', 'రైతుబిడ్డ', 'చండిక' సినిమాల్లో కూడా నటించారు. 1946 ఏప్రిల్ 16న కన్నుమూశారు. తాడిపత్రిలో పుట్టిన మనిషి పేరు ముందు బళ్ళారి చేరి బళ్ళారి రాఘవ అయింది. ఈ ఊళ్ళో రాఘవ కళామందిరం ఆయన జ్ఞాపకమే.

నేను ఈ కథ చెప్తే ఒకసారి మా ఊరి కుర్రవాడొకడు నవ్వాడు. "ఆయనకు మేనమామ ఉన్నాడు సార్, మాకెవరున్నారు?" అన్నాడు. నిజమే. రాఘవ ఇంట్లో పుస్తకం ఉంది, పక్కవీధిలో నాటకం ఉంది. మనలో చాలామంది ఇళ్ళలో మొదట కాలేజీ గడప తొక్కినవాళ్ళం మనమే. అందుకని ఇంకో కథ చెప్తాను. ఇందులో మేనమామ లేడు. పాత పుస్తకాలు ఉన్నాయి.

రాఘవ చదివిన ఆ క్రిస్టియన్ కాలేజీలోనే కొన్నేళ్ళ తరువాత ఒక బీద తెలుగు కుర్రవాడు చేరాడు. 1888లో తిరుత్తణిలో పుట్టినవాడు. స్కాలర్‌షిప్పుల మీద చదువు. ఏ శాస్త్రం తీసుకోవాలన్నది ఆయన పెద్ద ఆలోచనతో తేల్చింది కాదు. అదే కాలేజీలో చదువు ముగించిన బంధువొకాయన తన తత్త్వశాస్త్ర పుస్తకాలు ఇచ్చేశాడు. కొనుక్కునే పని తప్పింది కాబట్టి తత్త్వశాస్త్రమే తీసుకున్నాడు. అయితే, తీసుకున్నాక దాన్ని వదల్లేదు. తరగతిలో మన వేదాంతం మీద వచ్చే విమర్శలు ఆయన మనసును గుచ్చాయి. వాటికి కోపంతో జవాబు చెప్పలేదు. చదివి, వేదాంతంలోని నీతి గురించి ఎం.ఏ. వ్యాసం రాశాడు. 1908లో అది అచ్చయింది. ఆయనే సర్వేపల్లి రాధాకృష్ణన్. మన పొరుగు అనంతపురంలో 1916లో కొంతకాలం పాఠం చెప్పారు. రాజమండ్రి, మైసూరు, కలకత్తా, ఆక్స్‌ఫర్డు మీదుగా రాష్ట్రపతి భవనం దాకా వెళ్ళారు.

ఈ కథలో నీతి ఏమిటి? దొరికిన కోర్సు మనకు నచ్చింది కాకపోవచ్చు. మీలో సగం మందికి కౌన్సెలింగులో ఏది మిగిలితే అది వచ్చి ఉంటుంది. దాన్ని చూసి మూడేళ్ళు మూలుగుతూ కూర్చోవచ్చు. లేదా దాంట్లోనే మనసును గుచ్చే ప్రశ్న ఒకటి వెతుక్కోవచ్చు. ఆ ప్రశ్న దొరికిందా, ఆ చదువు మీదయింది.

మూడో కథ మరీ దగ్గరిది. అనంతపురంలో 1916లో దత్త మండల కళాశాల పెట్టారు. నేటి ఆర్ట్స్ కాలేజీ అదే. మద్రాసు దాకా వెళ్ళలేని పిల్లలకు అది పెద్ద ఊరట. ఆ కాలేజీలో ఇల్లూరు నుంచి వచ్చిన నీలం సంజీవరెడ్డి అనే కుర్రవాడు చదువుతున్నాడు. 1929లో గాంధీగారు అనంతపురం వచ్చారు. ఆ మాటలు ఈ కుర్రవాణ్ణి పట్టుకున్నాయి. 1931లో చదువు వదిలి ఉద్యమంలోకి వెళ్ళిపోయాడు. 1956లో ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి, 1977లో రాష్ట్రపతి.

"చూశారా సార్, కాలేజీ మానేసినవాడు రాష్ట్రపతి అయ్యాడు" అని ఎవరైనా అంటారని నాకు తెలుసు. అందుకే ఒక మాట చెప్పాలి. ఆయన కాలేజీ వదిలింది సుఖం కోసం కాదు, డబ్బు కోసం కాదు. వదిలాక చూసింది జైళ్ళను. కాలేజీని వదలడం వేరు, కాలేజీనుంచి జారిపోవడం వేరు. ఆ తేడా మన బళ్ళారి పిల్లలకు తెలిసినంత బాధగా ఇంకెవరికీ తెలియదు. ఆ సంగతికి వస్తాను.

కాలేజీలు మన ముంగిట్లోకి ఎలా వచ్చాయో ముందు రెండు మాటల్లో చెప్తాను. బళ్ళారిలో వీరశైవ కళాశాల 1945లో మొదలైంది. అప్పుడు మనం మద్రాసు రాష్ట్రం. ఎనిమిదేళ్ళు తిరక్కముందే ఊరు ఎవరిదన్న గొడవ వచ్చింది. పొట్టి శ్రీరాములుగారి ప్రాణత్యాగం తరువాత ఆంధ్ర రాష్ట్రం ఏర్పడుతున్నప్పుడు, ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు పోయాయి. బళ్ళారి తాలూకా సంగతి తేల్చడానికి జస్టిస్ మిశ్రాను నియమించారు. చివరికి బళ్ళారితో కలిపి ఏడు తాలూకాలు 1953 అక్టోబరు 1న మైసూరులో చేరాయి. పొలం ఒకవైపు, పెళ్ళిసంబంధం ఇంకోవైపు అయింది. రాష్ట్రాలు రెండైనా చదువుకునే పిల్లల బస్సులు మాత్రం ఆగలేదు. తరువాత 1961లో మెడికల్ కాలేజీ, 1980లో ఇంజనీరింగు కాలేజీ వచ్చాయి. 1981లో అనంతపురంలో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం, 2010లో అదే మహారాజు పేరున బళ్ళారిలో ఇంకో విశ్వవిద్యాలయం వచ్చాయి. ఒకే రాజు పేరు, సరిహద్దుకు రెండు పక్కలా రెండు విశ్వవిద్యాలయాలు. ఇంతకంటే మన బంధుత్వానికి గుర్తు ఏం కావాలి?

రాఘవ రైలెక్కి మద్రాసు పోవలసిన చదువు ఇప్పుడు అరగంట, గంట బస్సు దూరంలో ఉంది. దూరం తగ్గింది. మరి ఆ మిగిలిన కాలం ఎక్కడికి పోతున్నది?

ఇప్పుడు ఆ బాధ సంగతి. 2003 తరువాత చైనా దేశం ఇనుప ఖనిజం కోసం ఎగబడింది. సండూరు, హొసపేట కొండల్లో మట్టి బంగారమైంది. పగలు రాత్రి టిప్పర్లు. రోడ్డు మీద ఎర్రదుమ్ము, చెట్ల ఆకుల మీద ఎర్రదుమ్ము. అప్పుడు నేను కొత్తగా ఉద్యోగంలో చేరినవాణ్ణి. మా బడిలో చదివి కాలేజీకి పోయిన పిల్లలు, రెండో సంవత్సరం మధ్యలో కనిపించడం మానేశారు. ఒకడు గని దగ్గర సూపర్‌వైజరన్నాడు. ఇంకొకడు ఇంటి పొలం తాకట్టు పెట్టి టిప్పరు కొన్నాడు. బజారులో నన్ను చూసి, మోటారు సైకిలు ఆపి, "డిగ్రీ అయితే ఎంత జీతం వస్తుంది సార్? నాకు ఇప్పుడే అంతకు రెండింతలు వస్తున్నది" అన్నాడు. నాకు జవాబు దొరకలేదు. నా జీతం కంటే కూడా అతనికి ఎక్కువే వస్తున్నది మరి.

2011 జులై 29న సుప్రీంకోర్టు బళ్ళారి జిల్లాలో గనుల తవ్వకం ఆపేసింది. ఒక్కరోజులో టిప్పర్లు నిలిచిపోయాయి. ఊళ్ళ బయట వరసగా, టైర్ల కింద గడ్డి మొలిచేదాకా నిలబడ్డాయి. కోర్టు తప్పు చేసిందని నేననను. కొండలనూ చట్టాన్నీ మింగిన తవ్వకం అది, ఆగవలసిందే. తరువాత క్రమక్రమంగా, షరతుల మీద, కొన్ని గనులు తెరిచారు. కానీ ఆ వాయిదాలు కట్టలేని కుర్రవాడికి ఎవరూ రెండో సంవత్సరాన్ని తిరిగి ఇవ్వలేదు. అతను మళ్ళీ నా దగ్గరికి వచ్చినప్పుడు వయసు ఇరవై ఏడు. "సార్, ఇప్పుడు మళ్ళీ కట్టొచ్చా పరీక్ష?" అని అడిగాడు. కట్టొచ్చన్నాను. దూరవిద్యలో కట్టాడు, పాసయ్యాడు కూడా. కానీ పొలం మాత్రం తిరిగి రాలేదు.

నేను సంపాదనను తప్పుపట్టడం లేదు. తోరణగల్లు ఉక్కు కర్మాగారానికి 1971లో ఇందిరాగాంధీ పునాదిరాయి వేశారు. అక్కడ ఉక్కు నిజంగా తయారవడానికి 1990లు రావలసి వచ్చింది. ఈనాడు అది వేలమందికి అన్నం పెడుతున్నది. బళ్ళారి జీన్స్ కుట్టే యూనిట్లలో మన పిల్లలెందరో పని చేస్తున్నారు. పని చేస్తూ చదివే పిల్లలంటే నాకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. నేను చెప్పేది ఒకటే. గని ఖాళీ అవుతుంది, ధర పడిపోతుంది, యంత్రం మారుతుంది. అవి మారినప్పుడు ఇంకో పని నేర్చుకోగల తెలివి ఒకటి మనకు మిగలాలి. ఆ తెలివికి పదును పెట్టే సాన కాలేజీయే.

ఇక సరిహద్దు పిల్లలుగా మీరు తెలుసుకోవలసిన ఒక లెక్క ఉంది. 371(జె) అనే రాజ్యాంగ అధికరణం 2013 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాని కింద బళ్ళారితో సహా కల్యాణ కర్ణాటక జిల్లాల స్థానికులకు చదువులోనూ ఉద్యోగాల్లోనూ ప్రత్యేక వాటా ఉంది. ఆంధ్ర వైపు 371(డి) కింద 1974, 1975లలో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వులు ఉన్నాయి. వాటిలో ఎవరు స్థానికులన్నది, చాలావరకు, ఎక్కడ వరసగా నాలుగేళ్ళు చదివారన్నదాన్ని బట్టి తేలుతుంది. అంటే సరిహద్దు దాటి చదవడమన్నది బస్సు చార్జీకి సంబంధించిన సంగతి మాత్రమే కాదు. చేరకముందే రెండు వైపుల నియమాలూ తాజాగా కనుక్కోండి. ఉద్యోగ ప్రకటన పడ్డాక కళ్ళు తుడుచుకున్న పిల్లలను నేను చూశాను.

మరి మూడేళ్ళూ ఏం చెయ్యాలి? ఉపదేశం చెప్పడం మా పంతుళ్ళకు అలవాటు, అందుకని నాలుగే మాటలు చెప్తాను.

మొదటి ఏడు గ్రంథాలయం గడప తొక్కండి. పాఠ్యపుస్తకం పరీక్షకు పనికివస్తుంది. దాని పక్క అరలోని పుస్తకం మీ బుర్రకు పనికివస్తుంది. వారానికి ఒకటి చాలు.

రెండోది, మీ రెండు భాషలను చూసి సిగ్గుపడకండి. తెలుగింట్లో పుట్టి కన్నడ బడిలో చదివిన పిల్లలు, "మాకు ఏదీ సరిగా రాదు సార్" అంటారు. అది అబద్ధం. రెండూ సగం సగం వదిలేస్తే నిజమవుతుంది. రెంటిలోనూ తప్పులేకుండా ఒక ఉత్తరం రాయడం నేర్చుకుంటే, బ్యాంకులో, కోర్టులో, ఆస్పత్రిలో, బడిలో మీకున్న అనుకూలత బెంగుళూరు పిల్లలకు కూడా ఉండదు. రాఘవ మూడు భాషల్లో నటించాడంటే అది ఈ నేల ఇచ్చిన వరం. అదే నేల మీద మీరూ ఉన్నారు.

మూడోది, మార్కులు రాని పని ఒకటి చెయ్యండి. నాటకం కావచ్చు, ఎన్.ఎస్.ఎస్. కావచ్చు, ఆట కావచ్చు, వీధి పిల్లలకు సాయంత్రం లెక్కలు చెప్పడం కావచ్చు. పదిమందితో కలిసి పని చేయడం, ఓడిపోయి మర్నాడు మళ్ళీ రావడం ఏ పరీక్షా నేర్పదు. ఉద్యోగంలో చేరిన మొదటి నెలలోనే వాటి అవసరం తెలుస్తుంది.

నాలుగోది ఆడపిల్లల తల్లిదండ్రులకు. మూడో ఏడు పరీక్షకు ముందు సంబంధం కుదిరిందని చదువు ఆపించకండి. పెళ్ళివారు ఆరునెలలు ఆగగలరు. ఆగలేని సంబంధం ఎలాంటిదో మీరే ఆలోచించండి. దాదాపు వందేళ్ళ కిందట చదువుకున్న ఆడపిల్లను వేదికెక్కించిన ఊరు మనది. ఇవాళ పరీక్ష హాలు నుంచి ఇంటికి పిలిపించుకోవడం మన ఊరికి తగదు.

బస్టాండులో నన్నడిగిన ఆ తండ్రికి ఇప్పుడు ఏమని జవాబు చెప్పాలి? "అయ్యా, ఈ కోర్సుతో ఉద్యోగం వస్తుందో రాదో నేను హామీ ఇవ్వలేను. కానీ మీవాడు ఈ మూడేళ్ళూ సరిగా వాడుకుంటే, వచ్చిన ఉద్యోగం నిలబెట్టుకోగలడు, పోయిన ఉద్యోగం వెనకాల ఇంకోటి తెచ్చుకోగలడు. సాయంత్రం కోర్టు మూసేశాక తనకంటూ ఒక లోకం ఉన్న మనిషిగా బతకగలడు" అని చెప్తాను.

రేపు ఉదయం కాలేజీ బస్సెక్కే పిల్లలకు ఒక చిన్న పని. బళ్ళారిలో దిగినప్పుడు రాఘవ కళామందిరం ఎక్కడో అడిగి, ఒకసారి అటువైపు వెళ్ళి రండి. పగలు కోర్టులో వాదించి, రాత్రి పఠాన్ రుస్తుం వేషం కట్టిన మనిషి పేరు అక్కడుంది. ఆయనకున్నవీ, మీకున్నవీ అవే ఇరవైనాలుగు గంటలు.